విరిగిన తుంటితో 96 ఏళ్ల గురువు: అందరికీ ఒకే యోగా ఎందుకు పనికిరాదు?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న హోంవర్క్. ఇది అయ్యాక యూట్యూబ్‌లోకి వెళ్లి "కృష్ణమాచార్య 1938" అని కొట్టండి. ఒక పాత మూకీ ఫిల్మ్ వస్తుంది. బ్లాక్ అండ్ వైట్. నుదుట నామం, పిలక, చిన్న గోచీ, వయసు 50 దగ్గర. ఆయన శరీరాన్ని రబ్బరులా మడిచేస్తుంటారు. అదే ఫిల్మ్‌లో ఇంకో కుర్రాడు కనిపిస్తాడు. పందొమ్మిదేళ్లు. సన్నగా ఉంటాడు. ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి ఎగురుతున్నట్టే వెళ్తాడు.

మొదటాయన తిరుమలై కృష్ణమాచార్య. రెండో అతను ఆయన బావమరిది, తర్వాత ప్రపంచమంతా బి.కె.ఎస్. అయ్యంగార్ అని పిలిచిన మనిషి. ఇవాళ మన అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, జిమ్‌లో, యాప్‌లో చేస్తున్న ఆసనాల యోగాలో చాలా భాగం ఏదో ఒక దారిలో ఈ ఒక్క ఇంటి నుంచే వచ్చింది.

ఈ రోజు టాపిక్ ఆ విన్యాసాలు కాదు. ఆ ఫిల్మ్ తీసిన 46 ఏళ్ల తర్వాత, 1984లో, ఇదే కృష్ణమాచార్యకి తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆయనకి 96 ఏళ్లు. సర్జరీ వద్దన్నారు. మంచం మీద పడుకునే చేయగలిగే సాధనని తనకోసం తనే తయారు చేసుకున్నారు. ఫిల్మ్‌లో అలా ఎగిరిన మనిషి మంచం మీద చేసింది కూడా యోగానే అన్నారు. ఈ రెండు సీన్ల మధ్య ఏం జరిగింది? మనిషి ఒంటి తత్వాన్ని బట్టి, తగిలిన దెబ్బని బట్టి యోగాని మార్చాలి అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? అదే ఈ ఎపిసోడ్.

ముందు నా గొడవ

ఇది నాకెందుకు పట్టిందో చెప్పేస్తా. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో నేను కోడ్ రాసేవాణ్ణి. డైనింగ్ టేబుల్ కుర్చీలో రోజుకి పదకొండు గంటలు. నడుం నొప్పి మొదలైంది. ఒక యాప్‌లో క్విజ్ చేశా. మీ చర్మం పొడిగా ఉంటుందా, మీకు కోపం ఎక్కువా, కలలు ఎలాంటివి వస్తాయి, ఇలా ఇరవై ప్రశ్నలు. "మీది వాత ప్రకృతి" అని తేల్చి, ముందుకి వంగే ఆసనాలు మీకు మంచివి అని ఒక లిస్ట్ ఇచ్చింది. సరే అని దగ్గర్లో ఒక క్లాసులో చేరా. ముప్పై మందిమి. పశ్చిమోత్తానాసనం చేస్తుంటే నేర్పే ఆయన వెనక నుంచి వచ్చి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వీపు మీద చెయ్యి వేసి నొక్కారు. లోపల ఏదో పట్టు తప్పింది. కుడి కాలు వెనకంతా కరెంట్ షాక్ కొట్టినట్టు పాకింది. ఎమ్మారై తీస్తే ఎల్ఫోర్, ఎల్ఫైవ్ మధ్య డిస్క్ బయటికి ఉబ్బింది.

ఆయన తప్పు ఎంత, యాప్ తప్పు ఎంత, నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పని నా తప్పు ఎంత అన్నది పక్కన పెడదాం. నా ప్రశ్న ఒక్కటే. ఆ ముప్పై మందిలో నేనొకణ్ణి అన్న సంగతి తప్ప, నా గురించి అక్కడ ఎవరికీ ఏమీ తెలీదు. అసలు యోగా ఇలాగే ఉండేదా? అప్పుడు చదవడం మొదలుపెట్టా.

పాత పుస్తకాల్లో ఏముంది?

ముందు ఆయుర్వేదం నుంచి చూద్దాం. వాత, పిత్త, కఫ అనే మూడు దోషాలు మనందరికీ తెలుసు. మా నాయనమ్మ వంకాయ కూర వద్దని "అది వాతం" అనేది. మన ఇళ్లల్లో ఈ భాష ఎప్పుడూ ఉంది. పుట్టుకతో ఈ మూడిటి పాళ్లు ఎవరికి ఎలా ఉన్నాయో దాన్నే ప్రకృతి అంటారు.

అయితే చరక సంహిత విమానస్థానంలో ఒక లిస్ట్ ఉంది. రోగిని పది రకాలుగా పరీక్షించాలి అంటుంది. ప్రకృతి అందులో ఒకటి మాత్రమే. ఇప్పుడున్న రోగం ఏంటి, అంటే వికృతి. ధాతువుల పటుత్వం, ఒంటి కట్టు, కొలతలు, ఏవి అలవాటు, మనసు నిబ్బరం, తినే శక్తి, వ్యాయామ శక్తి, వయసు. మొత్తం పది. వ్యాయామ శక్తి అనేది విడిగా ఒక పరీక్ష, గమనించండి. ఈ మనిషి ఒళ్లు ఎంత శ్రమని మోయగలదు అని చూడమంటున్నారు. నా యాప్ ఈ పదిలో ఒక్కటి అడిగింది. అది కూడా నా మాట మీదే నమ్మేసింది.

వాగ్భటుడి అష్టాంగ హృదయంలో దినచర్య అధ్యాయం ఉంటుంది. అక్కడ వ్యాయామం గురించి చెప్తూ, బలం ఉన్నవాళ్లు కూడా తమ శక్తిలో సగం వరకే చేయాలంటాడు. అది కూడా చలికాలంలో, వసంతంలో. మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. సగం అయిందని ఎలా తెలుస్తుంది? చంకల్లో, నుదుట, ముక్కు మీద, కీళ్ల దగ్గర చెమట పట్టడం, నోరు ఎండిపోవడం గుర్తులని ఆయుర్వేద సంప్రదాయం చెప్తుంది. అక్కడ ఆపాలి. వాత, పిత్త రోగాలు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు, అజీర్తితో ఉన్నవాళ్లు వ్యాయామం మానేయాలని కూడా అదే అధ్యాయంలో ఉంది. మన జిమ్ గోడల మీద రాసుండే "నొప్పి లేకపోతే ఫలితం లేదు" అనే మాటకి ఇది సరిగ్గా ఎదురు మాట.

మరి యోగా గ్రంథాలు? 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ధౌతి, నేతి లాంటి షట్కర్మలు ఎవరు చేయాలి? కొవ్వు, కఫం ఎక్కువ ఉన్నవాళ్లు ముందు ఇవి చేయాలి. దోషాలు సమంగా ఉన్నవాళ్లకి వీటి అవసరం లేదు అంటాడు. చూశారా, ఒంటి తత్వాన్ని బట్టి సాధన మారాలన్న ఆలోచన ఆరు వందల ఏళ్ల కిందటే ఉంది. ఏ ప్రాణాయామం వాతాన్ని తగ్గిస్తుంది, ఏది కఫాన్ని తగ్గిస్తుంది అని కూడా చెప్తాడు.

కానీ "వాత వాళ్లకి ఈ పది ఆసనాలు, పిత్త వాళ్లకి ఆ పది" అని టేబుల్ వేసి ఇవ్వడం ఆ పుస్తకంలో లేదు. ఆ టేబుళ్లు బాగా పాపులర్ అయింది చాలా ఆలస్యంగా. 2001లో అమెరికాలో డేవిడ్ ఫ్రాలీ, సాండ్రా కొజాక్ కలిసి, దోషాన్ని బట్టి ఆసనాలు ఎలా చేయాలో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మన యాప్ క్విజ్‌లు ఎక్కువగా ఇలాంటి ఆధునిక పుస్తకాల దారిలో నడుస్తున్నవే. అది తప్పు అనను. కానీ "ఐదు వేల ఏళ్ల చార్ట్" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

ఈ పాత సంగతులు పుస్తకాల్లో ఉండటం వేరు, ఒక మనిషి చేతిలో పద్ధతిగా మారడం వేరు. అక్కడికి రావాలంటే మైసూరు వెళ్లాలి.

ప్యాలెస్‌లో యోగశాల

కృష్ణమాచార్య 1888లో ఇప్పటి కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో పుట్టారు. సంస్కృతం, తర్కం, మీమాంస, ఆయుర్వేదం చదువుకున్నారు. హిమాలయాల అవతల రామమోహన బ్రహ్మచారి అనే గురువు దగ్గర ఏడేళ్లకు పైగా యోగం నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. అంత చదువు చదివి వచ్చాక ఏం ఉద్యోగం దొరికింది? కాఫీ తోటలో సూపర్‌వైజర్. నిక్కరు, టోపీ, చేతిలో కర్ర. యోగా నేర్పితే డబ్బులొచ్చే కాలం కాదది.

తర్వాత మైసూరు మహారాజు నాల్గో కృష్ణరాజ ఒడయార్ ఆయన్ని పిలిపించుకున్నారు. 1933లో జగన్మోహన్ ప్యాలెస్‌లో ఒక భాగం యోగశాలకి ఇచ్చారు. విద్యార్థులు ఎవరు? ఎక్కువమంది మగపిల్లలు, రాజకుటుంబానికి దగ్గరి ఇళ్లవాళ్లు. పదేళ్లు, పదిహేనేళ్లు. ఒళ్లు ఎటు వంచితే అటు వంగే వయసు. ఇంకో పని కూడా ఉంది. అతిథులు వస్తే ప్రదర్శన ఇవ్వాలి. ఊళ్లు తిరిగి జనానికి యోగా అంటే ఏంటో చూపించాలి. చూసేవాళ్లకి నోరెళ్లబెట్టేలా ఉండాలి. ఎగరడం, దూకడం, ఒకదాని వెంట ఒకటి ఆసనాలు, అదంతా ఆ రోజులకి తగ్గ యోగా. ఇవాళ అష్టాంగ విన్యాస పేరుతో ప్రపంచమంతా నేర్పుతున్న పద్ధతి ఆ ప్యాలెస్ రోజుల నుంచే పట్టాభి జోయిస్ ద్వారా వచ్చింది.

ఇప్పుడు అయ్యంగార్ సంగతి. 1918లో పుట్టాడు, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఊళ్లని ఊడ్చేస్తున్న ఏడాది. చిన్నప్పుడే మలేరియా, టైఫాయిడ్, టీబీ. పుల్లల్లాంటి కాళ్లు, చేతులు. 1934లో అక్క, బావల ఇంటికి మైసూరు వచ్చాడు. బావ మొదట్లో ఈ కుర్రాణ్ణి పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో ఉండే మంచి శిష్యుడు ఒకడు ఇల్లొదిలి వెళ్లిపోతే, ప్రదర్శన దగ్గరపడితే, అప్పుడు ఇతన్ని పట్టుకున్నారు. కొద్ది రోజుల్లో కష్టమైన ఆసనాలన్నీ నేర్చుకోమన్నారు.

ఒకసారి ఒక పెద్దమనిషి యోగశాల చూడటానికి వచ్చారు. గురువు అయ్యంగార్‌ని హనుమానాసనం చేయమన్నారు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, నేలకి సమంగా. అతనికి అప్పటికి అది రాదు. చెడ్డీ బిగుతుగా ఉంది, కాళ్లు చాచలేను అని తప్పించుకోబోయాడు. గురువు కత్తెర తెప్పించి ఆ చెడ్డీ పక్కలు కోయించారు. ఇంకేం చేస్తాడు? చేశాడు. తొడ వెనక కండరాలు చిరిగాయి. చాలా కాలం సరిగ్గా నడవలేకపోయాడు. అయ్యంగారే దీన్ని పెద్దయ్యాక చెప్పుకున్నారు.

ఇది చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేశా. ఎందుకంటే నా వీపు మీద పడ్డ చెయ్యి గుర్తొచ్చింది. "యోగాని మనిషికి తగ్గట్టు మార్చాలి" అని చెప్పిన మహానుభావుడు అని మనం దండం పెట్టుకునే గురువు దగ్గరే ఇది జరిగింది. ఈ సంగతి దాచి కథ చెప్తే ఆ కథకి విలువ లేదు.

అదే ప్యాలెస్, ఇంకో మనిషి

సరిగ్గా ఆ కాలంలోనే, 1937 ప్రాంతంలో, ఒక విదేశీ మహిళ వచ్చింది. అసలు పేరు యూజినీ పీటర్సన్. రష్యన్ సామ్రాజ్యంలోని రీగాలో పుట్టింది. చెక్ దౌత్యవేత్త భార్య. మనకి ఇంద్రాదేవి అనే పేరుతో తెలుసు. వయసు దాదాపు 38, గుండె జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడింది. కృష్ణమాచార్య మొదట ఒప్పుకోలేదు. ఆడమనిషి, పైగా విదేశీయురాలు. మహారాజు మాట వల్ల చేర్చుకున్నారు. కఠినమైన ఆహార నియమాలు పెట్టారు. ఆవిడ అన్నిటికీ నిలబడింది.

ఆవిడ తర్వాత షాంఘైలో, ఆ తర్వాత 1947 నుంచి హాలీవుడ్‌లో నేర్పిన యోగా చూస్తే మెత్తగా ఉంటుంది. ఎగురుళ్లు, దూకుళ్లు లేవు. ఊపిరి మీద శ్రద్ధ, మనసుకి నెమ్మది. పట్టాభి జోయిస్‌ది ఒకలా, అయ్యంగార్‌ది ఇంకోలా, ఇంద్రాదేవిది మరోలా. ముగ్గురికీ గురువు ఒక్కరే. బయటివాళ్లు చూస్తే మూడు వేర్వేరు స్కూళ్లు అనుకుంటారు. ఎవరు ఎదురుగా కూర్చుంటే వాళ్లని బట్టి నేర్పడం ఆయనకి అప్పటికే కొంత ఉందని దీన్ని బట్టి అర్థమవుతుంది. కానీ ప్రదర్శన ఒత్తిడి ఉన్నచోట, ఇంటి కుర్రాడి విషయంలో, అది పని చేయలేదు.

మద్రాసు: జనం మారారు, యోగా మారింది

స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానాలు పోయాయి, 1950లో యోగశాల మూతపడింది. అరవై దాటిన వయసులో కృష్ణమాచార్యకి రాజుగారి అండ లేదు. 1950ల మొదట్లో మద్రాసు చేరారు. అక్కడికి పిలిపించింది పక్షవాతం వచ్చిన ఒక పేరున్న న్యాయవాది వైద్యం కోసం. ఆలోచించండి. నిన్నటిదాకా ముందున్నది గాల్లో గంతులేసే పిల్లాడు. ఇవాళ ముందున్నది చెయ్యి లేవని పెద్దమనిషి.

హనుమానాసనం సంఘటన వల్లే ఆయన మారిపోయారని నేను చెప్పను. అలాంటి సినిమా సీన్ చరిత్రలో దొరకదు. నాకు కనిపించే కారణం చాలా మామూలుది. ఎదురుగా వచ్చే జనం మారారు. ప్యాలెస్‌లో గుంపు వచ్చేది, మెప్పించాల్సింది చూసేవాళ్లని. మద్రాసులో ఒక్కొక్కరు ఒక్కో బాధతో ఇంటికొచ్చారు. ఆస్తమా, నిద్ర లేకపోవడం, నడుం నొప్పి, మధుమేహం. బాగుపడాల్సింది వచ్చిన ఆ ఒక్క మనిషి.

అప్పుడు చిన్నప్పుడు చదివిన ఆయుర్వేదం అక్కరకొచ్చింది. వచ్చినవాళ్ల నాడి పట్టుకునేవారు. చర్మం రంగు చూసేవారు, ఊపిరి ఎలా వస్తోందో వినేవారు. ఏం తింటారు, ఏం పని చేస్తారు, నిద్ర ఎలా పడుతుంది అని అడిగేవారు. చరకుడి పది పరీక్షలు గుర్తొస్తున్నాయా? అదే దారి. ఆ తర్వాతే ఆసనం. అది కూడా ఒక్కరికే, వాళ్లకి మాత్రమే.

ఇక్కడ రెండు మాటలు నేర్చుకోండి. బృంహణం, లంఘనం. రెండూ ఆయుర్వేద చికిత్స పేర్లే. బృంహణం అంటే బలం పెంచడం, నింపడం. లంఘనం అంటే తగ్గించడం, తేలిక చేయడం. "లంఖణం పరమౌషధం" అని మన ఇళ్లల్లో అంటారు కదా, జ్వరం వస్తే పస్తు పెట్టి? ఆ లంఖణమే ఈ లంఘనం. కృష్ణమాచార్య పరంపరలో దీన్ని ఊపిరికి తెచ్చారు. నీరసంగా, దిగులుగా ఉన్నవాళ్లకి లోపలికి తీసుకునే గాలి మీద దృష్టి పెట్టించడం, అది బృంహణం. ఒళ్లు వేడెక్కి, మనసు ఆగకుండా పరుగెత్తేవాళ్లకి బయటికి వదిలే గాలిని సాగదీయించడం, అది లంఘనం. అంటే చేతులు పైకెత్తి దించే చిన్న కదలిక ఒకటే అయినా, ఇద్దరికి రెండు రకాలుగా నేర్పొచ్చు. ఆసనం పేరు చూసి ఇది వాతానికి, అది పిత్తానికి అని చెప్పడం ఎందుకు కుదరదో ఇప్పుడు అర్థమైంది కదా. ఎలా చేస్తున్నారన్నదే అసలు మందు.

దెబ్బ తగిలిన మనిషికైతే ఇంకా సూటిగా ఉంటుంది. నిలబడి ముందుకి వంగాలంటే మోకాళ్లు మడవనిస్తారు. నేల మీద కూర్చోలేకపోతే కుర్చీ. కూర్చోలేకపోతే పడుకోబెట్టి. ఒక వైపు కదలిక ఇస్తే, ఆ బరువు దించడానికి దానికి సరిపడ్డ ఎదురు కదలిక. దాన్ని ప్రతిక్రియ అంటారు. వయసుని బట్టి కూడా మూడు దశలు చెప్పారు. ఎదిగే వయసుకి సృష్టి క్రమం, సంసారం, ఉద్యోగం చేసే వయసుకి స్థితి క్రమం, ముసలితనానికి అంత్య క్రమం. వీటన్నిటికీ తోడు చికిత్స కోసం విడిగా ఒక క్రమం.

ఇంజనీర్ కొడుకు, మదనపల్లె పెద్దాయన

కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ సివిల్ ఇంజనీర్. మా జాతే అన్నమాట. తండ్రి విద్య మీద పెద్ద ఆసక్తి లేదు. 1960ల మొదట్లో ఒక రోజు ఇంటి ముందు కారు ఆగింది. ఒక విదేశీ మహిళ దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, అంత ఆచారవంతుడైన తండ్రిని నడివీధిలో కౌగిలించుకుంది. కొడుక్కి మతిపోయింది. అడిగితే తెలిసింది, ఆవిడకి ఏళ్ల తర్వాత మందు లేకుండా నిద్ర పట్టిందట. నాన్న చేసే పని ఇదా అని ఆ ఇంజనీర్ ఉద్యోగం వదిలి శిష్యుడిగా చేరాడు.

1965లో దేశికాచార్ దగ్గరికి ఒక 70 ఏళ్ల పెద్దాయన వచ్చారు. మన చిత్తూరు వైపు మదనపల్లెలో తెలుగింట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. అంతకుముందే అయ్యంగార్ దగ్గర నేర్చుకున్నారు, కష్టమైన ఆసనాలు వేస్తారు. ఆ వయసులో అంత శ్రమ ఆ ఒంటికి తగదని కుర్ర గురువు గమనించాడు. కృష్ణమూర్తి అహం అడ్డం పెట్టుకోలేదు. తెలిసిన ఆసనాలు పక్కన పెట్టి, ఊపిరి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నాకు ఇందులో శిష్యుడి గొప్పతనమే ఎక్కువ కనిపిస్తుంది. వచ్చింది వదులుకోవడం చిన్న విషయం కాదు.

1976లో దేశికాచార్ మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించారు. అక్కడి పద్ధతికి గుండెకాయ ఇదే. ఒక గురువు, ఒక శిష్యుడు, ఆ ఒక్కరికోసం తయారైన సాధన.

చిరిగిన కండరం ఏం నేర్పింది?

అయ్యంగార్ని మర్చిపోలేదు. పుణె వెళ్లారు, ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 1966లో ఆయన పుస్తకం లైట్ ఆన్ యోగా వచ్చింది. అందులో ఫొటోలు చూస్తే మనిషి శరీరానికి సాధ్యమా అనిపిస్తుంది. అలాంటి మనిషి 1979లో స్కూటర్ ప్రమాదంలో పడ్డారు. వెన్నెముక దెబ్బతింది. అరవై ఏళ్ల వయసులో, తన ఒంటికి తనే మొదటి నుంచి నేర్పుకోవాల్సి వచ్చింది. చెక్క దిమ్మెలు, బెల్టులు, తాళ్లు, కుర్చీలు, దిండ్లు. దెబ్బతిన్నవాళ్లు, లేవలేనివాళ్లు కూడా ఆసనంలో ఉండగలిగేలా ఈ సామానుతో ఆయన చేసిన పని అక్కడి నుంచి ఇంకా లోతుకి వెళ్లింది. ఇవాళ ప్రపంచంలో ఏ యోగా స్టూడియోకి వెళ్లినా కనిపించే ఆ ఇటుకలు, బెల్టులు ఎక్కువగా ఆయన చలవే.

ఆయన దారి గురువు దారి కాదు. గురువు ఊపిరి పట్టుకున్నారు, ఈయన ఎముక, కండరం అమరిక పట్టుకున్నారు. కానీ ఇద్దరూ చేరిన చోటు ఒకటే. ఆసనం మనిషి దగ్గరికి రావాలి.

ఇప్పుడు మళ్లీ 1984కి. 96 ఏళ్లు, విరిగిన తుంటి, మంచం. కృష్ణమాచార్య వేరేవాళ్లని పరీక్షించినట్టే తనని తను పరీక్షించుకుని ఉంటారు. వయసు ఇంత, బలం ఇంత, దెబ్బ ఇక్కడ, మిగిలింది ఏంటి? ఊపిరి మిగిలింది, చేతులు మిగిలాయి, మంత్రం మిగిలింది. వాటితోనే సాధన. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లకు పైగా బతికారు. 1989 ఫిబ్రవరి 28న నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు. ఒక్క మాట, దయచేసి వినండి. సర్జరీ వద్దన్న భాగాన్ని కాపీ కొట్టకండి. మీ నాన్నమ్మకి తుంటి విరిగితే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. మనం నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి భాగం.

మరి మనం?

2025 జూన్ 21న విశాఖ బీచ్ రోడ్డు మీద 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. టీవీలో చూస్తే ఒళ్లు పులకరించింది. అలాంటి చోట అందరికీ ఒకటే క్రమం ఉండాలి, తేలిగ్గా ఉండాలి, అంతే. యోగా అంటే ఏంటో రుచి చూపించడానికి అది సరిపోతుంది. నొప్పితో ఉన్న మనిషికి మాత్రం ఆ రుచి చాలదు.

నా డిస్క్ సంగతి చెప్పి ముగిస్తా. ఫిజియోథెరపీ అయ్యాక, డాక్టర్ సరేనన్నాక, ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లా. మొదటి రోజు ఒక్క ఆసనం కూడా చెప్పలేదు. ఎమ్మారై రిపోర్ట్ చదివారు. నాడి చూశారు. రాత్రి ఎన్నింటికి తింటావు బాబూ, ఆఫీసు కుర్చీ ఎత్తెంత, తుమ్మితే నొప్పి వస్తుందా అని ముప్పావుగంట ప్రశ్నలే. తర్వాత పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఊపిరితో చేతులు ఎత్తి దించమన్నారు. ఇలాంటివి ఐదు. అంతే. ఇంటికొచ్చి మా అమ్మతో "డబ్బులు దండగే, చంటిపిల్లల ఎక్సర్‌సైజులు ఇచ్చింది" అన్నా. మూడు నెలల తర్వాత సాక్స్ నేనే వేసుకున్నా. మా అమ్మ అది చూసి ఏమీ అనలేదు, ఇడ్లీ ఇంకో రెండు వేసింది.

వాత, పిత్త, కఫాలు సైన్స్ ల్యాబులో ఎంతవరకు నిలబడతాయి అన్నది వేరే ఎపిసోడ్. చరిత్రలో ఆ మాటలు చేసిన పని మాత్రం నాకు నచ్చింది. ఎదుటి మనిషి నాలా ఉండడు, నిన్న వచ్చినవాడిలా ఉండడు, ముందు చూడు అని అవి గురువుకి గుర్తు చేశాయి. అందుకే ఇప్పుడు యోగా క్లాసులో చేరాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. వాళ్లు ఎన్ని ఆసనాలు వేస్తారో చూడకండి. మొదటి రోజు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టండి. మీకు దెబ్బ ఉంటే అడక్కపోయినా చెప్పండి. వీపు మీద చెయ్యి పడితే "ఆపండి" అనడానికి మొహమాట పడకండి. నేను పడ్డాను.

ఇంకో మాట, నాకే చురక. కింద కామెంట్లలో "అన్నా, నాకు ఎల్ఫైవ్ ప్రాబ్లం, ఏ ఆసనం చేయాలి?" అని కచ్చితంగా అడుగుతారు. సమాధానం ఇవ్వను. మీ ఊపిరి నాకు వినపడదు. మీ నాడి నా చేతిలో లేదు. ఈ స్క్రీన్ ఇటు నుంచి అటు మాత్రమే చూపిస్తుంది. నాకు మీరు కనిపించరు.

సరే, ఇప్పుడు వెళ్లి ఆ 1938 ఫిల్మ్ చూడండి. ఈసారి ఆసనాలు కాదు, ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడి కాళ్లు చూడండి. ఆ తొడలు ఒకసారి చిరిగాయని తెలిసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నడుం జాగ్రత్త.